అందరూ ఎక్కినాకే పాట కదలాల

గుడిలో మీరు పాడతారా, పాడేవాళ్లను చూస్తారా?

తప్పించుకోకండి. పోయిన ఆదివారం మీ పక్కన నిలబడినవాడి గొంతు మీ చెవిన పడిందా? వాడితో మీకు మాటలున్నాయా? ఈ ప్రశ్నలు నావి కావు. మా మదనపల్లె పెద్ద గుడిలో, మేత్రాణులవారి, అంటే బిషప్పుగారి, పీఠమున్న కతీడ్రల్‌లో, ఒక తరం మొత్తానికి పాట నేర్పిన మా పాటల అయ్యవారివి. మొన్న గురువారం తెల్లారకముందే ఆయన కన్ను మూశారు. గుడి గంట ఆగి ఆగి మోగుతుంటే టమోటా మార్కెట్లో కాయలు ఏరుతున్న మా ఆడవాళ్లు చేతిలోవి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయారట. "గంట ఎవరికమ్మా?" అని పక్క మండీవాళ్లు అడిగితే మావాళ్లు కాయలు గంపలో పడేసి గుడి దారి పట్టారట.

ఆయన ఉద్యోగం బస్సు కండక్టరు. పాట ఆయనకు జీతమిచ్చిన పని కాదు. చిన్నప్పుడు మేనమామ ఊరి నాటకాలకు హార్మణీ వాయిస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆ నాటకాల్లో వేషం కట్టినవాడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో వాడికే తెలియదు. హార్మణీ వాయించేవాడే వెతుక్కుంటూ పోయి పట్టుకోవాలి. ఆ అలవాటును అయ్యవారు గుడిలోకి తెచ్చారు. తక్కిన చోట్ల హార్మణీ ముందుగా శ్రుతి ఇస్తుంది, మనుషులు దానికి సర్దుకుంటారు. మా అయ్యవారు హార్మణీ మెట్ల మీద వేళ్లు ఆనించి ఊరికే కూర్చునేవారు. "ఎత్తుకోండమ్మా" అనేవారు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట ఎత్తుకునేవాళ్లు. అప్పుడు ఆయన వేళ్లు ఆ మెట్టూ ఈ మెట్టూ తడిమి ఆ గొంతు దగ్గరికి చేరేవి.

"నువ్వు పాడు. శ్రుతి నేను ఎతుక్కుంటా."

ఇదీ ఆయన మాట. తప్పిపోయిన గొర్రె కోసం కొండలెక్కిన కాపరి గురించి నేను గంటసేపు ప్రసంగించగలను. ఆయన అదే వాక్యాన్ని వేళ్లతో చెప్పి ఊరుకునేవారు.

పాటకు ముందు బెంచీల వైపు ఒకసారి తల తిప్పి చూసేవారు, బస్సులో ఎవరెవరు ఎక్కారో చూసుకున్నట్టు. తరువాత హార్మణీ చెక్క మీద అరచేత్తో తట్టి "రైట్, రైట్" అనేవారు. కొత్తగా వచ్చిన ఫాదరు మొదటి ఆదివారం అది విని బలిపీఠం దగ్గర నవ్వు ఆపుకోలేక దగ్గు నటించారు.

డ్యూటీ లేని రోజుల్లో పుంగనూరుకూ కుప్పానికీ పోయి అక్కడి చిన్న గుళ్లలో కొయ్యర్లు, అంటే పాటల జట్లు, తయారు చేశారు. వాక్యం చెప్పడానికి నన్నూ వెంట పిలిచేవారు. పుంగనూరులో ఈస్టరుకు ముందు తపస్సు కాలపు కూటం ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందుంది. నేను నరకం గురించి అందుకున్నాను. అందుకుంటే నాకు దిగడం తెలియదు. జనం చెమటలు తుడుచుకుంటున్నారు. వెనకనుంచి హార్మణీ సన్నగా మొదలైంది. నేను గొంతు పెంచాను, అదీ పెంచింది. తిరిగి చూస్తే అయ్యవారు తల వంచుకుని నవ్వుతున్నారు.

"బ్రదరూ, మంట సాలప్పా. జనాలు ఉడికిపోతాండారు. రోంత పాటకు దారియ్యి."

కూటమంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోంచే పాట లేచింది, పాట సగంలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. సౌలు రాజు గుండెలోని మంటను దావీదు కిన్నెర తీగలు చల్లార్చాయని బైబిల్లో చదువుతాం కదా. ఆ సాయంత్రం పుంగనూరులో అది చదవాల్సిన పని లేకపోయింది.

కుప్పం సంగతి వేరు. అక్కడ ఒకే పాటలో తెలుగుతో పాటు తమిళమూ కన్నడమూ దొర్లుతాయి. ఆ కొయ్యరులో గొంతు ఎటు పోతుందో తెలియని పెద్దాయన ఒకరు ఉండేవారు. పండగ దగ్గర పడుతోంది. కొయ్యరు నడిపే ఆమె అయ్యవారి చెవి దగ్గర చేరింది.

"అయ్యవారా, ఆయప్పను రోంత దూరంగా కూసోబెడదామా? పండగనాడు మానం పోతాది."

"యాలమ్మా?"

"మనం మద్రాసుకు పోతాంటే ఆయప్ప బెంగుళూరుకు పోతాండాడు!"

అయ్యవారు పడీ పడీ నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, అందరికీ వినబడేటట్టు అన్నారు: "టికెట్టు తీసుకున్నోణ్ణి నడిదోవలో దింపే హక్కు నాకు లేదమ్మా. మనకు జ్ఞానస్నానమే టికెట్టు. అందరూ ఎక్కినాకే పాట కదలాల."

పెద్దాయనను తన పక్కనే, హార్మణీకి గాలి కొట్టే తిత్తి వైపు కూర్చోబెట్టుకున్నారు. పండగనాడు పెద్దాయన పాడారు. పాట చెడిందా? చెడింది, నేను అబద్ధం చెప్పను. దేవుడు చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయాడా? అది మీరే చెప్పండి.

అయ్యవారి భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఆమె గొంతు పెద్దది, శ్రుతి మాత్రం ఆమె మాట వినదు. ఆకాశంలో ఎత్తుకుంటే అక్కడే పాడాలి అందరూ. అయ్యవారు మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు. "దేవుడు ఈమెకు గొంతిచ్చినాడు, శ్రుతి నాకిచ్చినాడు. అందుకే ఇద్దరికీ ముడి ఏసినాడు" అనేవారు. అమ్మ ఊరుకుంటుందా? "ఊ, మరి నేను పాడకపోతే నీ శ్రుతికి పనేముండాది, ఊరికే ఈగలు తోలుకుంటా కూసోవాల్సిందే" అనేది.

చావు ఇంటికి ఆయన పోయే తీరు మరిచిపోలేను. "పెండ్లికి పిలిస్తే పోదాం. సావుకు పిలవకపోయినా పోదాం" అని కొయ్యరుకు నియమం పెట్టారు. కూలి ఇల్లయినా ఆఫీసరు ఇల్లయినా ఒకటే. వాకిట్లో చాప పరిచి, శవాన్ని లేపేదాకా పాడించేవారు. అక్కడ కూడా ముందు ఇంటివాళ్లనే ఎత్తుకోమనేవారు. ఏడుపుతో పగిలిన గొంతు ఏ మెట్టు మీద ఉంటుందో నాకు తెలియదు. ఆయన వేళ్లకు తెలుసు.

ఇక నొప్పి పుట్టే సంగతి చెప్పాలి.

మా పెద్ద గుడిలో ఇప్పుడు ఆదివారం రెండు పూజలు, రెండు కొయ్యర్లు. మొదటి పూజలో హార్మణీ, డోలకు, పెద్దవాళ్లు. ఆ కొయ్యరుకు ముందు గొంతు మేము పెద్దక్క అని పిలిచే ఆమె, మార్కెట్లో టమోటాలు ఏరి పిల్లలను చదివించుకున్న మనిషి. రెండో పూజలో కీబోర్డు, మైకులు, ఉద్యోగాల్లో చేరిన కొత్త తరం. కీబోర్డు వాయించేది బ్యాంకులో పనిచేసే అమ్మాయి. ఇద్దరికీ సరిగమలు నేర్పింది అయ్యవారే.

పోయిన క్రిస్మస్‌కు ఎవరు పాడాలన్న దగ్గర మాట తెగింది. "మైకులో ఆ హార్మణీ గురక పెట్టినట్టుండాదక్కా" అని కుర్రవాళ్లలో ఎవరో అన్నారు. పెద్దక్క ఊరుకోలేదు. "మీ పాటలో దేవుడు యాడుండాడప్పా? సూస్తే స్పీకర్లే ఉండాయి" అంది. అంతే. పాటల పుస్తకాల బీరువా ఒకటే, దానికి తాళాలు రెండయ్యాయి. గుడి మెట్ల మీద ఎదురుపడితే ముఖాలు తిప్పుకోవడం మొదలైంది. నిన్నటిదాకా "అక్కా" అన్న నోళ్లు మూతపడ్డాయి.

అయ్యవారు ఇంటింటికీ తిరిగారు. రెండు వైపులా కాఫీ ఇచ్చి పంపారు, మాట మాత్రం ఇవ్వలేదు. ఆ తరువాత ఆయన హార్మణీ ముట్టుకోలేదు. అమ్మతో కలిసి రెండు పూజలకూ వచ్చి, ఎవరి వైపూ కాకుండా నడిమి బెంచీలో కూర్చునేవారు. బబులోను నది ఒడ్డున కిన్నెరలను చెట్లకు తగిలించి కూర్చున్న జనం గురించి విన్నారు కదా. వాళ్లను పరాయివాళ్లు చెరపట్టారు. మమ్మల్ని ఎవరు పట్టారు?

ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఇంట్లో మంచం పక్కనే ఆక్సిజన్ మిషను పెట్టారు. చివరిసారి నేను చూడబోయినప్పుడు ఆయన ముక్కుకు గొట్టంతోనే నవ్వారు.

"హార్మణీదీ తిత్తే, మనిషిదీ తిత్తే బ్రదరూ. నాది సిల్లు పడింది."

నేను వాక్యం తెరవబోయాను. చేత్తో వద్దన్నారు.

"అది కాదు గానీ... నన్ను మట్టి సేసేనాడు రెండు కొయ్యర్లూ వస్తాయా?"

"వస్తాయి అయ్యవారూ. ఎందుకు రావు?"

"వస్తే సాలదప్పా. కలిసి ఎత్తుకోవాల." ఊపిరి కోసం ఆగారు. "ఆళ్లొక పక్క, ఈళ్లొక పక్క నిలబడితే, నేను యాడ ఎతుక్కునేది శ్రుతి?"

తెరవబోయిన బైబిలు మూసి సంచిలో పెట్టుకున్నాను. 

శుక్రవారం సమాధుల తోటకు తీసుకుపోయాం. పుంగనూరునుంచీ కుప్పంనుంచీ జనం వచ్చారు. కుప్పం పెద్దాయన మనవడి భుజం పట్టుకుని వచ్చారు. రెండు కొయ్యర్లూ వచ్చాయి. వచ్చి, గుంతకు ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి నిలబడ్డాయి. అయ్యవారు భయపడింది కళ్ల ముందే జరిగింది. ఆయన హార్మణీని ఎవరో మోసుకొచ్చి శవపేటిక పక్కన మట్టిలో పెట్టారు.

ఫాదరు జపాలు ముగించి పాట కోసం తల ఎత్తారు. ఎవరూ ఎత్తుకోలేదు. వీళ్లు వాళ్లను చూశారు, వాళ్లు వీళ్లను చూశారు.  జీవితమంతా ఇతరుల చావుకు పాడించిన మనిషి పాట లేకుండా మట్టిలోకి పోతున్నాడు.  నేను నోరు తెరిచి ఉంటే శాపాలే వచ్చి ఉండేవి.

అప్పుడు అమ్మ ఎత్తుకుంది.

ఎప్పటిలాగే ఆకాశంలో ఎత్తుకుంది. ఆ ఎత్తులో ఎవరూ కలవలేరు. ఒక్కతే పాడుతోంది, గొంతు చీలిపోతోంది, ఆమె చూపు మాత్రం హార్మణీ మీదే ఉంది. వెతుక్కుంటూ వచ్చే వేళ్ల కోసం చూస్తోంది. ఆ చూపు చూసి తట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

కీబోర్డు అమ్మాయి చెప్పులు విడిచి గబగబా వచ్చి మట్టిలో మోకాళ్లూనింది. హార్మణీ మెట్లు నొక్కింది. శబ్దం రాలేదు. మళ్లీ గట్టిగా నొక్కింది. రాలేదు. కరెంటుతో పలికే మెట్లకు అలవాటైన చేతులు, తిత్తి సంగతి మరిచిపోయాయి.

"తిత్తి ఊపకుండా సౌండు యాడ్నుంచొస్తాదే తల్లీ!"

పెద్దక్క. గుంత చుట్టూ తిరిగి ఈ పక్కకు వచ్చేసింది. హార్మణీ వెనక కూలబడి తిత్తి పట్టుకుని ఊపింది. ముందు ఒక నిట్టూర్పు వచ్చింది, మనిషి విడిచినట్టే. తరువాత స్వరం. అమ్మాయి ఒక మెట్టు తడిమింది, కాదు. ఇంకొకటి, కాదు. కళ్లనీళ్లకు మెట్లు కనబడక వేళ్లతోనే వెతుక్కుంది. దొరికింది. అమ్మ గొంతు దగ్గరికి హార్మణీ చేరింది. ఆ తరువాత ఆ పక్కా ఈ పక్కా అంటూ ఏమీ మిగలలేదు. కుప్పం పెద్దాయన బెంగుళూరు దారిలోనే పాడారు. అందరం పాడాం. పాడుతూనే పిడికిళ్లతో మట్టి వేశాం.

ఇక్కడితో ఆపితే మీరు కళ్లు తుడుచుకుని హాయిగా నిద్రపోతారు. పోనివ్వను. నిన్న ఆదివారం మా పెద్ద గుడిలో ఏం జరిగిందో తెలుసా? మొదటి పూజకు మొదటి కొయ్యరు, రెండో పూజకు రెండో కొయ్యరు. బీరువాకు రెండు తాళాలూ అలాగే ఉన్నాయి. అమ్మ మాత్రం నడిమి బెంచీలో, పక్కన చోటు ఖాళీగా వదిలి, రెండు పూజలకూ కూర్చుంది. పాడలేదు.

బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడు తోటివాడితో తగవు గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వాడి దగ్గరికి పొమ్మన్నారు ప్రభువు. మన పాట కూడా కానుకే కదా? అయితే దాన్ని అక్కడే వదలండి, పోండి. కోపం మీద పొద్దు గుంకకూడదని వాక్యం. వచ్చే ఆదివారం దాకా ఆగమని కాదు, ఈ రోజే అని. ఇవాళ్టి పొద్దు ఇంకా గుంకలేదు. మదనపల్లెలో ఉన్నా, పుంగనూరులో ఉన్నా, కుప్పంలో ఉన్నా, మీరు ముఖం తిప్పుకున్న ఆ మనిషి తలుపు ఇవాళే తట్టండి. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియదా? ఎక్కడ వస్తే అక్కడ ఎత్తుకోండి. శ్రుతి తరువాత దొరుకుతుంది.

అయ్యవారి హార్మణీని ఇవాళ గుడిలోకి తెచ్చి, నడిమి బెంచీ ముందు పెట్టాం. పైన గుడ్డ తీసేశాం. తిత్తి కొక్కెం విప్పి ఉంది. మెట్ల సందుల్లో సమాధుల తోట మట్టి ఇంకా ఉంది, తుడవనివ్వలేదు అమ్మ. తిత్తి దగ్గర ఒకరు కావాలి, మెట్ల దగ్గర ఒకరు కావాలి. లేవండి. పొద్దు గుంకకముందే రండి.