ఈశ్వరికి మాటలు తెప్పించబోయి

గలగలా మాట్లాడే నలభైమంది పిల్లల్ని రెండే రెండు వారాల్లో మూగవాళ్లను చేసిన ఘనత నాది. అబద్ధమనుకునేరు, ఆళ్లగడ్డలో ఆ పిల్లల అమ్మానాన్నలు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వు ఆపుకోలేరు. తమాషా ఏమిటంటే, ఆ పని నేను మొదలుపెట్టింది ఒక పిల్లకు మాటలు తెప్పిద్దామని. ఒక్క దీపం వెలిగించబోయి ఇల్లంతా అంటించినవాడు కూడా నాకంటే నయం, కనీసం వెలుతురైనా వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కంప్యూటరు అంటే ఇంకా చెప్పులు విప్పి లోపలికి వెళ్లే రోజులు. ఆళ్లగడ్డలో ఒక చిన్న ప్రాథమిక బడిలో టీచరు ఉద్యోగం, కాపురం నంద్యాలలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ వయసులో నాకు కుదురనేది లేదు. సీటు దొరికినా కూర్చోలేక బస్సులో నిలబడేవాణ్ణి. కాళ్ల కింద ఎవరో పెనం కాలుస్తున్నట్టు ఉండేది. అలాంటివాణ్ణి నంద్యాలలో మూడు రోజుల కంప్యూటరు శిక్షణకు పంపారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారే, నాకు కొబ్బరికాయతోపాటు సర్టిఫికెట్టు కూడా దొరికింది.

మా బడిలో ఎవరో దాత ఇచ్చిన ఒక కంప్యూటరు ఉండేది. హెడ్ మేడం రత్నమ్మగారు దానికి పూలగుడ్డతో ముసుగు కుట్టించి, బొట్టు పెట్టి, బీరువా పక్కన కూర్చోబెట్టారు. కొత్తకోడలికి కూడా అంత మర్యాద జరగదు. పనీ చెప్పరు, పలకరించనూ పలకరించరు.

ఇక ఈశ్వరి. ఒకటో తరగతి, ఆరేళ్ల పిల్ల. అమ్మానాన్నలు బడి వెనక సందులో రాతి విగ్రహాలు చెక్కుతారు. బడిలో చేరి ఆరు నెలలైనా ఆ పిల్ల నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడలేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. దాహమైతే బొటనవేలు పెదవికి ఆనిస్తుంది. పలక మీద మాత్రం చక్కగా రాస్తుంది. కళ్లు పొద్దస్తమానం నా మీదే ఉండేవి. నా పాఠం అంత బాగుందని నేను మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు రత్నమ్మగారు తరగతి గుమ్మంలో నిలబడి, పిల్లలందరూ వింటుండగానే పిలిచారు.

“శీనూ, ఈ పిల్లకు మాటలు రావేమోనప్పా. నంద్యాలలో ఇట్లాంటి పిల్లలకు బడి ఉందంట, ఆడ్నే హాస్టలు. రెండు వారాలు పోతే శనివారం ఆఫీసరు వస్తాడు. వాళ్లమ్మను గూడా పిలిపించి కాగితం రాసిస్తా.”

ఆరేళ్ల పిల్ల, తల్లిని వదిలి హాస్టల్లో! నా గుండె జారింది. నోరు మాత్రం ముందుకు దూకింది.

“వద్దు మేడం! అంతలోపల నేను మాట్లాడిస్తా!”

“వాళ్లింటికి పోయి కనుక్కున్నావా?”

“ఆ, పోయినా మేడం.”

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. పోయిన మాట వాస్తవమే, కాకపోతే సందు మొదటిదాకా. అక్కడ రాతిపొడి మేఘంలా లేస్తోంది. నేను ఆ రోజు తెల్లచొక్కా వేసుకున్నాను, ఇస్త్రీ కూడా కొత్తది. చొక్కాను చూసుకున్నాను, పొడిని చూశాను, వెనక్కి తిరిగాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని సామెత. నేను ఊరు కూడా దాటి నంద్యాలదాకా పోయి వెతికాను.

నంద్యాలలో నా స్నేహితుడు బాషా ఒక కంప్యూటరు సెంటరు నడిపేవాడు. వాడి దగ్గరికి పరుగెత్తాను.

“బాషా, తెర మీద బొమ్మలుండాల. చెంబు బొమ్మ నొక్కితే ‘నీళ్లు కావాలి’ అని పలకాల. మాటలు రాని పిల్ల దాంతో అడగాల. అయితాదా?”

“అయితాది గానీ, ఆ పిల్లకు ఏం కావాల్నో అడిగినావా?”

“మాట్లాడకుంటే యాడ అడిగేది?”

బాషా తల గోక్కుని మైకు నా చేతికిచ్చాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను: “దయచేసి నాకు మంచినీరు ఇప్పించగలరు.”

“ఏందప్పా, వార్తలు చదువుతాండావా?”

“పిల్లలకు మంచి భాష నేర్పాల రా.”

“నేర్పు నేర్పు. నీళ్లొచ్చే లోపల నాలుక పిడచకట్టి పోతారు.”

నేను వింటేగా! అన్నానికొకటి, బయటికి పోవడానికొకటి, కడుపునొప్పికొకటి. చెయ్యి ఆగక తరగతిలో ప్రతి పిల్లకూ ఒక బొమ్మ పెట్టి, నొక్కితే “నా నామధేయము సుబ్బరాయుడు” అని నా గొంతుతోనే పలికేట్టు చేశాను. ఈశ్వరికి నెమలి బొమ్మ. ఆదివారమంతా అదే పని. సాయంత్రానికి బాషా దండం పెట్టి మరీ సీడీ చేతికిచ్చాడు.

సోమవారం కోడలిపిల్ల ముసుగు తీశాను. ఈశ్వరి ఒక్కతే పెట్టెతో మాట్లాడితే పిల్లలు వెక్కిరిస్తారేమోనని మహాజ్ఞానిలా ఒక నియమం పెట్టాను.

“ఈ పొద్దునుంచీ ఎవురికి ఏం కావాలన్నా నోటితో అడగగూడదు. పెట్టెతోనే అడగాల!”

పిల్లలు ఈలలు వేశారు. రోజంతా తరగతి నిండా నా గొంతే. నలభైమంది గోలలో వినపడాలని స్పీకర్లు పూర్తిగా పెంచాను. బడి ముందు రోడ్డు మీద లారీ డ్రైవర్లు కూడా హారను మానేసి తొంగిచూశారు. ఈశ్వరి మాత్రం ఒకసారి వచ్చి నెమలిని చూసి, చెవులు మూసుకుని, తన చోటికి పోయి కూర్చుంది. ఆ తర్వాత దాని మొహం చూడలేదు.

రెండో వారానికి సుబ్బరాయుడి అవ్వ కొంగు దోపుకుని వచ్చింది.

“ఏంది సారూ నువ్వు చేసింది? మావోడు ఇంట్లో నోరు తెరవడంల్యా. అన్నం కావాలంటే గోడను వేలుతో పొడుస్తాండాడు!”

“అది కొత్త పద్ధతి అవ్వా.”

“గోడ పాతది నాయనా, సున్నం రాలతాంది!”

అప్పుడైనా ఆగాలి కదా? ఆగితే నేనెందుకవుతాను. ఈశ్వరి నోరు విప్పలేదు, శనివారం దగ్గరికొచ్చేసింది. నిద్రలేదు, తిండిలేదు. బస్సులో నిలబడి నాలోనేనే “దయచేసి, దయచేసి” అనుకుంటుంటే పక్కాయన నా కోసం లేచి సీటిచ్చాడు పాపం.

శనివారం ఆఫీసరు వచ్చారు. ఆయన మీద దుమ్ము పడకూడదని రోడ్డువైపు కిటికీలన్నీ మూయించారు రత్నమ్మగారు. ఈశ్వరి అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతులనిండా రాతిపొడి, ఎందుకు పిలిచారో తెలియని మొహం. మేడం టేబుల్ మీద కాగితం రెడీగా ఉంది.

ఆఫీసరు ముందు వరసలో సుబ్బరాయుణ్ణి అడిగారు. “నీ పేరేంటి బాబూ?”

వాడు ఠీవిగా లేచి కంప్యూటరు దగ్గరికి నడిచాడు. వేలు పెట్టబోయాడు. టప్! కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. సుబ్బరాయుడు ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది.

“పేరు చెప్పు నాయనా.”

వాడు నావైపు చూశాడు. ఆఫీసరు రెండోవాణ్ణి అడిగారు, మూడోదాన్ని అడిగారు. అందరూ కలిసి చచ్చిన తెరవైపు చూస్తున్నారు. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం. ఆరు నెలల్లో ఆ గది అంత నిమ్మళంగా ఎన్నడూ లేదు.

ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి ఒక సన్నటి గొంతు లేచింది.

“కరెంటు పాయ సార్. ఈళ్లింక మాట్లాడరు.”

ఈశ్వరి! రత్నమ్మగారు కుర్చీ పట్టుకున్నారు. నేను గోడ పట్టుకున్నాను. ఆఫీసరు నవ్వుతూ దగ్గరికి వెళ్లారు.

“నువ్వు మాట్లాడ్తావా తల్లీ?”

“మాట్లాడ్తా.”

“ఏం చెప్తావు?”

“అన్నీ చెప్తా.”

ఆ ‘అన్నీ’ విన్నప్పుడే నేను కిటికీలోంచి దూకి ఉండాల్సింది. మూయించేశాం కదా!

“శీను సారు బస్సు లేటైతే ఎనక గోడ దూకి వస్తాడు. మేడం ల్యాకుంటే దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు. మేడం మాదిరి నడిచి చూపిస్తాడు, మేం నగుతాం. మొన్న లెక్క తప్పేసి, బోర్డు తుడిచి, బెల్లు కొట్టమన్నాడు. మా ఇంటికొచ్చినా అన్నాడు గదా, రాల్యా. సందుకాడ చొక్కా చూసుకోని వాపసు పాయ. నేను అరుగు మీదుండి చూసినా.”

పిల్లలు భళ్లున నవ్వారు. రెండు వారాల తర్వాత వాళ్ల గొంతుల్లోంచి వచ్చిన మొదటి శబ్దం అదే. ఈశ్వరి అమ్మ కంగారుగా లోపలికొచ్చింది.

“తప్పు, సారును అట్లనగూడదు! దీనికి నోరెక్కువ సార్, ఏమనుకోవద్దు.”

“నోరెక్కువా?” అన్నారు రత్నమ్మగారు. “ఆరు నెలల నుంచీ ఒక్క మాట ల్యాదు కదమ్మా!”

“అయ్యో, అడిగింటే చెప్తాంటి గదా మేడం! మా ఇంట్లో దినామూ ఉలిదెబ్బలు, కోతమిషను. ఎవురి మాట ఎవురికీ ఇనపడదు, అంతా సైగలే. గోలుంటే సైగ చెయ్యాల అని దానికి అట్లనే అలవాటైపాయ. పని ల్యాని దినం చూడండి, దీని నోరు మూయించేకి మేమిద్దరం చాలం.” ఆమె మూసిన కిటికీలవైపు చూసింది. “మీ బడి మా ఇంటికంటే గోల మేడం.”

రత్నమ్మగారు కాగితం నాలుగు ముక్కలు చేశారు. ఆ సాయంత్రమే నన్ను ఆ ఇంటికి పోయి రమ్మన్నారు, ఒంటి మీదున్న చొక్కాతోనే. పోయాను. ఈశ్వరి తండ్రి మిషను ఆపి, నాకు టీ ఇచ్చి, అరగంటసేపు కూతురి కబుర్లు చెప్పాడు. నాకు కావలసినవన్నీ ఆ అరగంటలో ఉన్నాయి. నేను బూడిదగుమ్మడికాయలా ఇంటికి చేరాను.

బాషా నా గొంతంతా తుడిచేసి ఉత్త మైకు తగిలించి ఇచ్చాడు. తలుపులు మూసి, ఒక్కొక్కరినే పిలిచి, ఎవరి మాట వాళ్లనే చెప్పమన్నాం. తమ గొంతు తామే విని పిల్లలు ఎగిరి గంతేశారు. “సార్, ఇంగోసారి!” అని సుబ్బరాయుడు మైకు వదలలేదు. వారంలో నలభైమందికీ నోళ్లొచ్చాయి. ఈశ్వరి అయితే పాఠం మధ్యలో నన్నే సరిదిద్దడం మొదలుపెట్టింది.

కాబట్టి పాఠక మహాశయులారా, చదువులతల్లి సాక్షిగా, సుద్దముక్క చేతపట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పిల్లనైనా “మాట్లాడమ్మా” అని బతిమాలేముందు, నా గురించి ఆ పిల్లకు ఏమేం తెలుసో ముందుగా కనుక్కుంటాను.