కొట్టి లేపిన జోడీ

మా ఆయనకు బహ్రెయిన్‌లో పేరు తెచ్చింది డ్రైవింగు కాదు, కింద పడటం. ఎత్తి విసిరితే ఆయన పడినంత అందంగా ఇంకెవరూ పడేవారు కాదు. గదవ ఛాతీకి ఆనించుకుని, వీపంతా ఒకేసారి తాకేటట్టు పడాలి. పడుతూనే రెండు చేతులూ చాపి పరుపు మీద చరచాలి. చప్పుడు హాలంతా వినిపిస్తుంది, దెబ్బ మాత్రం ఒక్కచోట తగలకుండా ఒళ్లంతా పరుచుకుపోతుంది. ఇవన్నీ నాకెట్లా తెలుసంటే, ఆయన మా గదిలో మంచం మీద పడి పడి నేర్చుకున్నాడు. మంచం కోడు విరిగితే ఇటుకలు పెట్టుకుని పడుకున్నాం.

అప్పుడు మేము ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లం. ఆయన బండి నడిపేవాడు, నేను వంట చేసేదాన్ని. ఇంటి వెనక గది మాది. సందు మొదట్లో ఒక కోల్డ్ స్టోర్ ఉండేది. పేరుకే కోల్డ్ స్టోర్, ఉప్పు నుంచి చెప్పుల దాకా అన్నీ దొరికే కిరాణా కొట్టు అది. అందులో హైదరాబాద్ పాతబస్తీ మనిషి ఒకాయన పనిచేసేవాడు. అందరూ భాయ్ అనేవాళ్లు, మేమూ అంతే. ఒకరోజు మా ఆయన ఉల్లిగడ్డలు తూకం వేయించుకుంటుంటే, భాయ్ తూకం వదిలేసి ఆయన చెవినే చూస్తూ నిలబడ్డాడట. కుస్తీ పట్టినవాళ్ల చెవులు నలిగి నలిగి ముద్దకట్టిపోతాయి. భాయ్ తన టోపీ కాస్త పైకి జరిపి తన చెవి చూపించాడు. మా ఆయనది జగిత్యాల పక్కన ఇసుక గోదా, భాయ్ కుస్తీ నేర్చింది పాతబస్తీ తాలీంలో. ఆరోజు ఉల్లిగడ్డలు ఇంటికి వచ్చేసరికి నా పప్పు మాడిపోయింది.

నువైద్రాత్‌లో ఒక జిమ్ ఉండేది. దాని ఓనరు అక్కడి మనిషే, టీవీలో వచ్చే కుస్తీలంటే పిచ్చి. శుక్రవారం మధ్యాహ్నాలు హాలు నడుమ తాళ్లు కట్టి, ఇద్దరిద్దరిని జోడీలుగా దింపేవాడు. జోడీలో ఒకడు లోపల కొట్లాడుతుంటే రెండోవాడు తాళ్ల బయట చెయ్యి చాచి నిలబడతాడు. లోపలివాడు వచ్చి ఆ చెయ్యి తాకితేనే బయటివాడు లోపలికి పోవాలి. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారు. అక్కడికి నీళ్ల డబ్బాలు వేసే భాయ్ ఈ సంగతి పట్టుకొచ్చి, మనమూ జోడీ కడదామన్నాడు. మేడం తీసి పారేసిన ముదురాకుపచ్చ తెరలతో ఇద్దరికీ నిక్కర్లు కుట్టాను. మఖ్మల్ గుడ్డ, మెరిసేది. కూర్చుంటే పిగిలేది, లేస్తే నేను మళ్లీ కుట్టేదాన్ని.

మొదటి శుక్రవారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎదుటివాడు మా ఆయనను వెల్లకిలా పడేశాడు. అక్కడి పద్ధతిలో పడ్డవాడి మీద కూర్చుని మూడు లెక్కపెట్టాలి. ఆ లోపల లేస్తే ఆట సాగుతుంది, ఆయన లేవాలనే మాట్లాడుకున్నారు. కానీ మన గోదాలో వీపు మట్టికి తాకిందంటే ఓడినట్టే. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన లేచి, ఎదుటివాణ్ని కౌగిలించుకుని, తాళ్ల కింద నుంచి దూరి కాళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయాడు. వెనకే భాయ్ కూడా పోయాడు. ఓనరు ఇద్దరినీ బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు. అస్కర్‌లో కూలీల క్యాంపు నుంచి వచ్చిన మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. అప్పటినుంచి వీళ్లు వాళ్లకు మన జోడీ అయిపోయారు. ఎక్కువగా ఓడిపోయేవాళ్లే. అయినా క్యాంపు వాళ్లు శుక్రవారం ఒక్క పూట సెలవును వీళ్ల కోసం దాచుకుని వచ్చేవాళ్లు. ఇదంతా ముందే అనుకున్న ఆట అని చెప్పినా వాళ్లు నమ్మేవాళ్లు కాదు.

అట్లా రెండేళ్లు గడిచాక ఓనరు ఒక మాట అన్నాడు. జోడీ అన్నాక ఏదో ఒకరోజు విడిపోవాల్సిందేనట. వచ్చే శుక్రవారం భాయ్ మా ఆయనను వెనక నుంచి ఇనుప కుర్చీతో కొట్టి, మీద ఉమ్మేసి, ఎదుటి జోడీతో కలిసి వెళ్లిపోవాలి. ఇష్టం లేకపోతే ఇద్దరూ మానుకోవచ్చు, వేరే జోడీ ఉందన్నాడు.

మా ఆయనకు అదేం పెద్ద విషయంగా తోచలేదు. భాయ్ మాత్రం మా గది గడప మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఆయన సామాన్ వేసే బండి రోజూ పోయేది అస్కర్ క్యాంపుకే. అక్కడివాళ్లు ఆయన్ను కూర్చోబెట్టి తమ వంటలో ఇంత పెట్టేవాళ్లు, ఇంటి నుంచి వచ్చిన కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆయనకు ఆ దేశంలో ఇల్లంటూ ఉంటే అదే.

"వాళ్లు దీన్ని ఆట అనుకోరు భాబీ," అన్నాడు. "జోడుగాన్ని ఎనక నుంచి కొట్టినోడు అంటరు. మల్ల నా మొఖం చూస్తరా?"

"మానేద్దాం తియ్," అన్నాడు మా ఆయన.

"మానేస్తే నువ్వు బతుకుతవా?"

శుక్రవారం లేని వారం మా ఆయనకు ఎట్లా ఉంటుందో నాకూ తెలుసు, భాయ్‌కీ తెలుసు. సరే అని భాయ్ ఒప్పుకున్నాడు. వారమంతా సాయంత్రాలు మా వెనక వాకిట్లో నేను దిండు పట్టుకుని నిలబడితే భాయ్ కుర్చీ వెడల్పు వైపుతో కొట్టడం నేర్చుకున్నాడు. కొట్టిన ప్రతిసారీ దిండుకు సారీ చెప్పేవాడు.

శుక్రవారం హాలు నిండింది. నేను నీళ్ల సీసాలు పెట్టుకుని తాళ్ల పక్కనే కూర్చున్నాను. అనుకున్నట్టే మా ఆయన అటు తిరిగి ఉండగా భాయ్ కుర్చీ ఎత్తాడు. దెబ్బ బాగా పడింది, చప్పుడు ఇంకా బాగా వచ్చింది. మా ఆయన బోర్లా పడ్డాడు. క్యాంపు వాళ్ల వైపు నుంచి ఒక్క మాట లేదు. అరిచినా బాగుండేది.

ఇక భాయ్ ఉమ్మేసి పోవాలి. పోలేదు. కుర్చీ కింద పెట్టాడు, విసిరేయలేదు, జాగ్రత్తగా పెట్టాడు. తాలీంలో ఉస్తాద్ నేర్పిన మొదటి సంగతి ఒకటుంది: పడేసినవాడే పడ్డవాణ్ని చెయ్యిచ్చి లేపాలి, వీపు మీద మట్టి దులపాలి. భాయ్ మోకాళ్ల మీద కూర్చుని మా ఆయన వీపు దులపడం మొదలుపెట్టాడు. అక్కడ మట్టే లేదు, పరుపు.

"తాకిందా? నిజం చెప్పు."

మా ఆయన కళ్లు మూసుకునే, పెదవులు కదలకుండా అన్నాడు. "నువ్వు పోవాలె భాయ్. పో."

"ఫస్టు చెప్పు, తాకిందా?"

"తాకలే. నేను సచ్చినట్టు పండుకున్న, లేపకు."

భాయ్ వినలేదు. చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టాడు. ఎదుటి జోడీలో పెషావర్ మనిషి ఒకడు, ఏం చేయాలో తోచక, నా దగ్గర సీసా తీసుకుని నీళ్లు తాగించాడు. క్యాంపు వాళ్లలో ఒకడు చప్పట్లు కొట్టాడు. తర్వాత హాలంతా లేచి నిలబడింది. ఓనరు రెండు చేతులతో మొఖం కప్పుకున్నాడు.

జనం పోయాక ఓనరు మా దగ్గరికి వచ్చాడు. ఖలాస్ అంటాడనుకున్నాం. వచ్చే నెల మళ్లీ ఇట్లాగే విడిపోయి కలవమన్నాడు. వీపు దులిపేటప్పుడు కాస్త జనం వైపు తిరగమని కూడా చెప్పాడు. ఆ హాలు మూతపడేదాకా మా జోడీ అట్లా తెగుతూ అతుకుతూనే ఉంది.

కానీ క్యాంపు వాళ్లు ఏమంటారోనన్న దిగులు భాయ్‌కు ఆ శుక్రవారం పోలేదు. మర్నాడు బండి తీసుకుని అస్కర్ పోయి వచ్చి, నేరుగా మా గది దగ్గర ఆపాడు. ఏమైందని అడిగితే నవ్వాడు. క్యాంపులో పెద్దాయన ఒకడు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాడట: "జోడుగాని మీద గంత పానం ఉన్నోనివి, మల్ల ఎందుకు కొట్టినవ్ భాయ్?"

భాయ్ ఉన్నమాటే చెప్పేశాడు, ఓనరు కొట్టమన్నాడని.

అక్కడున్నవాళ్లంతా తలూపారట. "ఔ మల్ల," అన్నాడట పెద్దాయన, ఇంకో గరిటె పప్పు వేస్తూ. "డ్యూటీ అన్నంక చెయ్యాలె గద."