చెవిలో మోగే జేగంట

2023 సెప్టెంబరు, వెంకటేశ్వరస్వామికి ఇష్టమని మావైపు చెప్పుకునే పెరటాశి నెల. తిరుపతిలోని మా వినికిడి పరీక్షల క్లినిక్‌కు వడమాలపేట నుంచి గోవిందయ్య, ఆయన భార్య మంగమ్మ వచ్చారు. ఏళ్ల తరబడి ఆ నెల శనివారాల్లో గోవింద నామాలు చెబుతూ ఇంటింటి ముందూ జేగంట వాయించిన దాసరి ఆయన. భుజం పట్టేశాక మానేశారు.

ఆడియోమెట్రీ అంటే, బయటి శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లలో సన్నని శబ్దాలు పంపడం. వినబడితే బటన్ నొక్కాలి. గోవిందయ్య నేనేమీ పంపకముందే నొక్కేస్తున్నారు. నాకు చిరాకేసింది.

"ఏం వినబడిందని నొక్కారు తాతా?" హెడ్‌ఫోన్లలోకే గట్టిగా అడిగాను.

"గంట మోగతా ఉండాది కదమ్మా. నేను కొట్టేది నిలిపేసినా స్వామి నిలపలేదు."

దాన్ని మేం టినిటస్ అంటాం. పెద్ద మోతల దగ్గర ఏళ్లు గడిపిన చెవికి, బయట ఏమీ లేకున్నా వినిపించే మోత. ఆ మాటే చెప్పాను. ఆయన పసిపిల్లను చూసినట్టు నన్ను చూసి నవ్వారు.

"స్వామి గంట ఇనపడతాది, నేను పిలిస్తే మాత్రం ఇనపడదు. గోడతో మాట్లాడినట్టుండాది మేడమ్ నా బతుకు," అంది మంగమ్మ.

పరీక్ష ముగించి, ఆయన చెవికి హియరింగ్ ఎయిడ్ పెట్టి, మాట్లాడమని ఆమెకు సైగ చేశాను.

"ఏమయ్యా, ఇనపడతా ఉండాదా?"

ఆయన ముఖం విప్పారింది. "నీ గొంతు ఇంత ముసిలిదైపోయిందేమే!"

ఆమె సిగ్గుపడి నవ్వింది. అంతలోనే ఆయన చెయ్యి చెవి మీదకు పోయింది. బయటి శబ్దాలు బాగా అందితే లోపలి మోత చాలామందిలో తగ్గిపోతుంది. అది తగ్గించమని నా దగ్గర ఏడ్చినవాళ్లున్నారు. ఈయన తగ్గినందుకు ఏడ్చారు.

"గంట నిలిచిపాయనమ్మా. తీసేయ్."

మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరి పక్షాన నిలబడాలో నాకు తోచలేదు. చివరికి ఆమే అంది: "పగలంతా పెట్టుకోయ్యా. దీపం పెట్టే యాళకు నేనే తీస్తాలే. నీ గంట యాడికీ పోదు."

ఆయన నావైపు చూశారు.

"తీస్తే మళ్లీ మోగుతుంది తాతా," అన్నాను. ఆ మాట చెప్పగలిగినందుకు నాకే సంతోషమేసింది.

తర్వాత ఆ చెవి మిషన్ శుభ్రం చేయించడానికి వచ్చినప్పుడు మంగమ్మ చెప్పింది, సాయంత్రం ఆయన గంట వింటుంటే తనూ పక్కనే కూర్చుంటుందట. "నాకూ ఏమన్నా ఇనపడతాదేమో అని, మేడమ్."

అప్పటినుంచి చెవిలో మోత అని ఎవరొచ్చినా, అది ఎలా ఉంటుంది, తగ్గించమంటారా అని ముందు అడుగుతున్నాను. అందరూ వెళ్లాక అప్పుడప్పుడు ఆ శబ్దం రాని గదిలో తలుపేసుకుని కూర్చుంటాను. నా చెవులు చాలా బాగున్నాయి. ఏమీ వినబడదు.