మావ పట్టించిన తాడు కొస

మా మావ పోయాడు. మా అమ్మకి తమ్ముడు. పొద్దున్నే వల లాగి ఇంటికొచ్చి, గుండెల్లో పట్టేస్తోందంటే గ్యాస్ అనుకుని, కిళ్లీకొట్టు నిమ్మసోడా తాగి అరుగు మీద నడుం వాల్చాడు. ఆటో వచ్చేసరికే ఒళ్లు చల్లబడిపోయిందట. నేను పనిచేసే మిల్లు లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు దిగి ఫోను తెరిస్తే గాని నాకు తెలియలేదు. శ్రీకాకుళంలో బస్సు మారి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వచ్చినవాళ్లు "అదృష్టవంతుడురా, మంచాన పడకుండా పోనాడు" అంటున్నారు. ఆ మాట అన్న ప్రతివాడి మీదా నాకు కోపమే. ఆ సోడా మీద కూడా. ఏం చేయను, సోడాని కొట్టలేను కదా.

ఆయన నడక గురించి మీకు చెప్పాలి. వారం సెలవు దొరికితే నేను ఊరు వెళ్లేవాణ్ణి. ఎండ తగ్గాక మావ, నేను, ఆయన కుక్క ముగ్గురం ఒడ్డు వెంట బయలుదేరి, ఏరు సముద్రంలో కలిసే మొగదాకా నడిచేవాళ్లం. కుక్క పేరు సొర. సరుగుడు తోటలో కూనగా దొరికింది. అందినదల్లా కొరికేదని సొరచేప పేరు పెట్టాడు. "దీనికి ముందు పళ్లొచ్చి, తర్వాత కుక్కొచ్చిందిరా" అనేవాడు.

సొర ముందు పరుగెత్తేది. ఎర్రపీతల్ని కన్నాల్లోకి తరిమి, ఒక్కదాన్నీ పట్టలేక, తప్పు మాదే అన్నట్టు వెనక్కి చూసేది. మావ చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుక మీద నడిచేవాడు. నేను సూపర్‌వైజర్ని తిట్టుకుంటూ, నాకే తెలియకుండా పైకి, పొడి ఇసుకలోకి వెళ్లిపోయేవాణ్ణి. కాళ్లు దిగబడేవి.

"అల్లుడూ, కోపంగా ఉన్నోడు పొడి ఇసకలోనే నడుస్తాడురా. తడి మీదకి రా."

"ఆడికి ఒక్కటి పీకితేగాని నా కోపం పోదు మావా."

"పీకుదువుగానిలే. ముందు తడి మీదకి రా."

అంతే. సర్దుకుపొమ్మని ఎప్పుడూ అనలేదు. పదితో బడి మానేసి, దొరికిన కాగితమల్లా చదివి నేను రాయడం నేర్చుకున్నాను. రాసింది మొగ దగ్గర కూర్చుని చదివితే మావ మొత్తం వినేవాడు. "బాగున్నాది గాని తిట్లు ఎక్కువున్నాయిరా" అనేవాడు. తర్వాత ఏటినీళ్లతో తన ముఖం కడుక్కుని, సొర ముఖమూ కడిగేవాడు. అది గింజుకునేది. "ఒసే, పెళ్లిసూపులకేటి ఎల్తన్నాం, ఊరుకోయే" అని గదమాయించేవాడు.

మా ఊళ్లో ఒడ్డున నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల ఉంది. ఆ తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది. ముసలాడైనా సరే, పక్క ఊరివాడైనా సరే. మావది తాడు చుట్టే పని. సొరకి తాడు కొస నోటితో పట్టుకోవడం నేర్పాడు. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అయినా జట్టు ఒప్పుకుంది. చెయ్యి లేకపోతే నోరేసింది కదా అని దానికీ గుప్పెడు కవళ్ల చేపలు పడేసేవారు. పని అయ్యాక మావ "ఒగ్గీ" అనేవాడు, వదిలెయ్ అని. అప్పుడే వదిలి, చేపలు తినేది.

ఒకసారి ఆ మాట అనకుండా టీకి వెళ్లిపోయాడు. జట్టంతా వంతులేసుకుని "ఒగ్గీ, ఒగ్గీ" అని అరిచారు. అది వదల్లేదు. మావ టీ గ్లాసుతో తిరిగొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా మాట తప్ప పెసిడెంటు సెప్పినా ఇనదురా." మేమూ నవ్వాం. బాగా నవ్వాం.

మావ పోయినప్పటినుంచి సొర ముద్ద ముట్టలేదు. అత్త చేపల పులుసు కలిపి పెట్టింది. నేను పాలు పోశాను. డొక్కలు లోపలికి పోయాయి. నా అద్దె గదికి తీసుకెళ్తానంటే, కుక్కతో వస్తే నా సామాను కూడా బయట పెడతానన్నాడు ఇంటాయన. కర్మలయ్యాక వల మళ్లీ దిగుతుందని తెలిసి అత్త అంది: "మనం పెడితే తింటం నేదు. తాడు పట్టి సంపాదించుకున్నదైతే తింటాదేమోరా."

ఆ ఆశతోనే సొరని ఒడ్డుకి తీసుకెళ్లాను. తాడు చూడగానే లేని బలం తెచ్చుకుని పరుగెత్తి కొస పట్టుకుంది. వల ఒడ్డుకొచ్చింది. జట్టు పెద్ద ఎప్పటికంటే రెండింతలు కవళ్లు దాని ముందు పోశాడు. "ఒగ్గీ" అన్నాడు. వదల్లేదు. అత్త అంది. వదల్లేదు. నేను మావలా గొంతు బొంగురు చేసి అన్నాను. చెవులు నిక్కించింది. నా ముఖం చూసింది. తర్వాత నా వెనకాల, మొగ వైపు చూసింది.

లాగితే పళ్లు ఊడేలా ఉన్నాయి. ఎవరికీ చేతులు రాలేదు. చివరికి జట్టు పెద్ద కత్తి తీశాడు. "కొసే కదా, ఉంచుకోనీరా" అని, జానెడు తాడు దాని నోట్లో వదిలి మిగతాది కోసుకున్నాడు. తాడు భుజాన వేసుకుని అందరూ వెళ్లిపోయారు.

నేను పొడి ఇసుకలో నిలబడి ఉన్నాను. సొర తడి మీద, నోట్లో తాడు ముక్కతో, మొగ వైపు చూస్తూ కూర్చుంది. దాని ముందున్న చేపల్ని కాకులు ఒక్కొక్కటే ఎత్తుకుపోతున్నాయి.