బీలలో జమ్ము కోసిన రోజు

సోంపేటకు పిట్టల్ని చూడ్డానికి వెళ్ళానని చెబితే అబద్ధమే. నోరు జారినందుకు వెళ్ళాను. అక్కవాళ్ళ కొబ్బరి తోటకీ ఊరికీ మధ్య బీల ఉంది, నీరు నిలిచే పల్లపు నేల. పోయినేడాది అక్కడ నిలువెత్తు జమ్ము గడ్డి చూసి "దోమల కొంప, కోయించెయ్యండి" అని ఉచిత సలహా పారేశాను. మొన్న బావ ఫోన్ చేశాడు. "నువ్వన్నట్టే వీధోళ్ళందరం అనుకున్నాం. రేపు పొద్దున్నే మిషనొత్తంది. పిట్టల్ని సూడాలనుంటే వచ్చెయ్."

విశాఖలో తెల్లవారుజామున రైలెక్కి పదింటికల్లా పలాసలో దిగాను. అక్కణ్ణుంచి సోంపేటకు బస్సులో గంట పైనే పట్టింది. బస్టాండు నుంచి బీల గట్టుకు ఆటో ఎనభై రూపాయలు. డ్రైవరు మబ్బుల వైపు చూసి, "వానముందర జమ్ము తీసేత్తన్నారంటండి. ఊరి కాలవలన్నీ అందులోకే కదండి, మరి ఆ మురుగుని పట్టీదేటి?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

వెళ్ళేసరికి మిషను జమ్ములో బాట వేసినంత వెడల్పున కోసేసి, మిగతాది రేపని వెళ్ళిపోయింది. ఆ ఖాళీ అంచున ఒక నీటికోడి పిల్లల్ని వెనకేసుకుని అటూ ఇటూ పరుగెడుతోంది. బాట తిన్నగా బావ తోటలోని నూతి దగ్గర తేలింది. ఆ నూతి గట్టు మోకాలెత్తు కూడా లేదు. ఇంటిల్లిపాదీ తాగేది ఆ నీళ్ళే, కొబ్బరి మొక్కలకు పోసేదీ ఆ నీళ్ళే.

రెండింటికి వాన దంచింది. అరగంటలో ఊరి నీరు నల్లగా, నూనె తెట్టుతో, ప్లాస్టిక్ కవర్లతో వచ్చిపడింది. జమ్మున్న చోట అదే నీరు నెమ్మదించి, చెత్తను దుబ్బుల మొదట్లో వదిలేసి మెల్లగా జారుతోంది. కోసిన బాటలో మాత్రం ఒకటే పరుగు, నూతి వైపు.

"ఏటలా సూత్తన్నావు? మట్టలందుకో!" అని అక్క అరిచింది.

ఇక్కడి తోటల్లో కాలువ తెగితే గూటాలు కొట్టి, కొబ్బరి మట్టలు అడ్డంగా పేర్చి నీళ్ళు మళ్ళిస్తారు. బావ గూటాలు కొట్టాడు, నేను మట్టలు మోశాను, వీధిలోవాళ్ళు కోసిన జమ్మునే మోపులు కట్టి తెచ్చి వెనకాల దన్ను పెట్టారు. నల్లనీరు నూతికి రెండు బారల దూరం దాకా వచ్చింది. ఐదింటికి గానీ నీరు మిగిలిన జమ్ములోకి తిరగలేదు. బావ తడిసిన బట్టలతోనే మిషను అతనికి ఫోన్ చేసి, "రేపు రావొద్దు బాబూ" అన్నాడు. నేలలో ఇంకి నూతిలోకి ఎంత దిగిందో మాత్రం తెల్లారితే గానీ తెలియదు.

దోమల కొంప అని నేను తిట్టిన గడ్డి, ఊరు వదిలిన మురుగును వడకడుతూ, నీటికోడి పిల్లల్ని దాచుకుంటూ ఇన్నాళ్ళూ నోరెత్తకుండా పనిచేసింది. మీరు వెళ్తే వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. కాలువ బీలలో కలిసే చోట మొదలుపెట్టి, గట్టు మీదుగా తోటల వైపు నడవండి. నీటి రంగు మారడం మీ కళ్ళతోనే చూస్తారు.

ఆ మర్నాడు అక్క మొదటి చేద తోడి, వాసన చూసి, గ్లాసులో పోసి నా ముందు పెట్టింది. "కొయ్యమన్నది నువ్వే కదేటి. ముందు నువ్వే తాగు." బావ నవ్వలేదు. కళ్ళు మూసుకుని తాగాను. ఎప్పటి రుచే. గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ చాపాక గానీ అక్క బిందె అందుకోలేదు.