వీధి తాళాలు

మా నాన్న శనివారం భజనను పన్నెండేళ్ళు ఒట్టి చప్పట్లతో నడిపించారు. రేపల్లెలో మా ఇంటి వసారాలో నలుగురైదుగురు పెద్దలు కూర్చునేవారు. పాట సగానికి వచ్చేసరికి ఒకరి చప్పట్లు ముందుకు పరుగెత్తేవి, ఇంకొకరివి వెనకబడేవి. మా అమ్మ పోయాక ఇంట్లో కంచు తాళాలు కనబడలేదు. ఎవరికో ఇచ్చేశానని నాన్న ఒక్కసారి చెప్పారు. నేను మళ్ళీ అడగలేదు.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ పద్యాలూ తాళమూ ఆయనే నేర్పారు, తొడ మీద తడుతూ. ఆ చేతుల్లో మళ్ళీ తాళాలు చూడాలని నా కోరిక. ఆయన గొంతు సన్నబడుతోందని కబురు రాగానే, బాపట్లలో అత్తవారింటి నుంచి బయల్దేరాను. అవి డెబ్బైల మొదటి రోజులు. తెనాలిలో దిగి, రేపల్లె బండి వచ్చేలోపు కంచు సామాన్ల కొట్టుకు వెళ్ళాను.

“దేనికమ్మా?” అన్నాడు కొట్టాయన.

“భజనకండి.”

“అలా అంటే ఎలా తల్లీ! హరికథ దాసుగారు చిన్నవి పట్టుకెళ్తారు, ఆయన మాట కూడా వినబడాలిగా. చర్చి పాటల వాళ్ళు పల్చటివి అడుగుతారు, క్రిస్మస్‌కి ఊరంతా తిరగాలి, చేతులు పడిపోకూడదు. మీది ఇంట్లోనా, వీధిలోనా?”

“ఇంట్లోనేనండి. మా నాన్నగారికి.”

మూడు నాలుగు జతలు ముందు పెట్టాడు. నాన్న చెప్పినట్టే అంచుకు అంచు తాకించి, మోత పూర్తిగా ఆగేదాకా విన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఏదీ మనసుకు పట్టలేదు. పై అరలో ఉన్న బరువైన జతను అడిగి మోగించాను. ఆ మోత కొట్టు దాటి, బజారులోకి పోయి, ఎక్కడో మలుపు తిరిగినట్టయింది.

“ఇవి కట్టండి.”

“అవి ఊరేగింపులకమ్మా. నాలుగు గోడల మధ్య చెవులు చిల్లులు పడతాయి. మీ నాన్నగారు నన్ను తిడతారు.”

“తిడితే నన్నే తిడతార్లెండి.”

దేవుడే చూపించాడనుకుని, దారంతా మూటను ఒళ్ళో పెట్టుకున్నాను.

నాన్న వసారాలోనే ఉన్నారు. మూట విప్పి, ఆయన ఎదుట ఒక్కసారి మోగించాను.

“ఆపు,” అన్నారు. కానీ అది ఆపమంటే ఆగే మోత కాదు. ఆగేదాకా ఆయన వీధి చివరకే చూస్తూ ఉన్నారు.

“ఎవరే వీటిని ఎంచింది?”

“నేనే నాన్నా. ఎన్ని విన్నా ఇవే తెలిసినట్టనిపించాయి.”

“ఎందుకనిపించవు? మీ అమ్మను తీసుకెళ్ళిన రోజు ఇలాంటివే మోగాయి. అవి నావే. మన భజనవాళ్ళు వాయిస్తుంటే నేను నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాను. ఆ తర్వాత వాటిని ఎప్పుడు పట్టుకున్నా పాట వచ్చేది కాదు. కాళ్ళు అటే పోయేవి. అందుకే ఇచ్చేశా.”

అప్పటికి నాకు ఆరేళ్ళు. నన్ను తలుపు వెనక ఉంచారు. నాకేమీ గుర్తులేదనే అనుకుంటూ వచ్చాను. నా చెవి మాత్రం అన్నేళ్ళూ ఆ వీధి మలుపు దగ్గరే నిలబడి ఉంది.

“రేపే తెనాలి వెళ్ళి మార్చేస్తాను నాన్నా,” అని మూట కట్టబోయాను. ఆయన ఒక తాళం తీసుకున్నారు. రెండోది నా చేతిలో పెట్టారు.

“ఒక్కణ్ణే పట్టుకోలేనమ్మా. ఇది నువ్వు పట్టు.”

శనివారం ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.

“ఏంటి బావా, ఇద్దరికీ కలిపి ఒక్క జతేనా? మరీ అంత పిసినారివా!” అన్నాడొక పెద్దాయన.

“నువ్వు చప్పట్లు ఆపి పాడవయ్యా ముందు,” అన్నారు నాన్న.

తాళం తాళాన్ని తాకింది. మోత వసారా దిగి, వీధి వెంట నడిచి, మలుపు తిరిగింది. తిరిగేదాకా నాన్నా ఆగారు, నేనూ ఆగాను. అప్పుడు ఆయన చరణం ఎత్తుకున్నారు. ప్రతి చరణానికీ అంతే. భజన చాలా ఆలస్యంగా ముగిసింది. ఒక్కరూ తొందరపెట్టలేదు. ఆ పెద్దలకు ఇప్పటికీ రోజూ దేవుడి ముందు దణ్ణం పెట్టుకుంటాను.