శాంతమ్మ జేజి కళ్ళు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి వల్ల మార్కాపురానికి ఏ నష్టమూ జరగలేదు గానీ, నిండు సభలో నా పరువు మాత్రం పలకలా పగిలింది. ఆ ముక్కలు ఇప్పుడు మీ ముందు పరుస్తున్నాను. నవ్వుకోండి, ఇంట్లో ఒంటరిగా ఉంటే మాత్రం చదవకండి.

మా ఊళ్ళో సరదాకి ఫోటోలు తీసుకునేవాళ్ళకి ఒక క్లబ్బు ఉంది. పదిహేనేళ్ళ కిందట నేను దానికి కార్యదర్శిని. క్లబ్బు పుట్టి పెరిగిన చరిత్రంతా పాత ఫోటోలతో ప్రదర్శన పెడదామన్నాను. రిటైరైన లెక్కల మాస్టారు రమణయ్య గారు, చరిత్ర రాయడం ఆడవాళ్ళ వల్ల కాదన్నారు. ఒక్క తప్పు చూపిస్తే నా పదవి ఆయనకే ఇచ్చేస్తానన్నాను.

క్లబ్బు పాత ఫోటోల పెట్టె వెతుకుతుంటే శాంతమ్మ దొరికింది. అట్ట వెనక పేరు, కొమరోలు అని ఊరు, అంతే. కుర్చీలో కూర్చున్న ముసలామె. ఒళ్ళో చేతులు ఎవరో తెచ్చి పెట్టినట్టున్నాయి. ఇక ఆ కళ్ళు! ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే బల్ల మీది నుంచి, గోడకి తగిలిస్తే గోడ మీది నుంచి నన్నే చూసేవి. తిరగేసి పెట్టాను, అట్ట వెనక నుంచి చూస్తున్నట్టుండేది. మా ఆయన అన్నం తింటూ తలెత్తి ఫోటోని చూశాడు, నన్ను చూశాడు, కంచం తీసుకుని వసారాలోకి పోయాడు.

భయాన్ని నేను భయమని ఒప్పుకోను, కళ అంటాను. దాన్నే ప్రదర్శన నడిమధ్యలో పెట్టించాను. క్లబ్బు మొదలుపెట్టిన స్టూడియో ఖాదర్ మామ అది చూసి ముఖం మార్చుకున్నాడు.

"అది వద్దమ్మాయ్. నేను చెప్పేదేందంటే..."

"తీసినోళ్ళకేం తెలుస్తాది మామా, చూసేటోళ్ళకే తెలిసేది."



ప్రదర్శన రోజు మైకు నా చేతికి చిక్కింది. నడుముకు తువ్వాలు చుట్టుకున్న నిరాడంబరతని, వెనక తెల్లదుప్పటి అంచున కనిపించే ఎవరివో వేళ్ళని, కదలక మెదలక కూర్చున్న ఓర్పుని, అన్నిటినీ పొగిడాను. ముఖ్యంగా ఆ కళ్ళని: ఒక్క పరుషమైన మాట ఎరగని తల్లి కళ్ళివి, ఎంత జీవముందో చూడండన్నాను.

ముందు వరసలో ఒకామె లేచింది. శాంతమ్మ మనవరాలు మార్తమ్మ. జేజి ఫోటో పెట్టారని విని కొమరోలు నుంచి బస్సెక్కి వచ్చిందట.

"అక్కా, మా జేజి అప్పటికే చనిపోయినాది. బతికుండంగా ఒక్క ఫోటో లేదని, సమాధికి తీసకపోయే ముందర కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలుతో కట్టినారు. దుప్పటి పట్టుకున్నది మా నాయన. కండ్లు స్టూడియోలో గీసినారు."

తల తిప్పకుండానే తెలుస్తోంది, వెనక ఫోటోలోంచి శాంతమ్మ నన్నే చూస్తోంది.

"మా ఇంట్లో ఉండే ఫోటో ముందర పిల్లోళ్ళు అన్నం గూడా తినరు. మా జేజి నెమ్మది మనిషి. ఆ కండ్లు ఆమెవి కాదక్కా."

"మరెవరివి మామా?" అన్నాను.

ఖాదర్ మామ టోపీ సర్దుకున్నాడు. "ఆమె కండ్లు మూసినాక గదా నేను చూసింది. ఏదో ఒకటి చూసి గీయాల గదా. ఆ పొద్దు టేబుల్ మీద నీ డిగ్రీ హాల్‌టికెట్ ఫోటోలు ఆరబెట్టి ఉంటి. చెప్పనిస్తివా అమ్మాయ్?"

సభంతా ఫోటోని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటోని చూసింది. రమణయ్య గారు వచ్చి మెత్తగా మైకు అందుకున్నారు.

ఆనాడే శపథం చేశాను. ఎవరి కళ్ళనైనా సరే, అవి ఎవరివో విచారించకుండా ఈ జన్మలో పొగడను. అద్దంలో కనిపించేవాటిని అసలే పొగడను. ఒక్కోసారి తల దువ్వుకుంటుంటే, రెప్ప వేసేది నేనొక్కదాన్నే అనిపిస్తుంది.